జపమాల ఇంగ్లీషు

జపమాల ఇంగ్లీషులో తప్పు పట్టడం ఎవరివల్లా కాదు. కాలేజీలో బహుమతులు తెచ్చిపెట్టిన ఇంగ్లీషు అది. కన్యాస్త్రీ కావాలని పల్నాడులోని ఆ చిన్న మఠంలో చేరాక కూడా ఆ పేరు తగ్గలేదు. అందుకే నోరా సిస్టర్‌ను చూసుకునే పని ఆమెకు అప్పగించారు.

నోరా సిస్టర్‌ది ఐర్లాండు. పడుచుతనంలో వచ్చింది. ఊళ్లోవాళ్లతో వాళ్ల యాసలోనే మాట్లాడుతూ, ఇక్కడే ముసలిదైపోయింది. ఇప్పుడు మతిమరుపు ఆమె దగ్గరున్నవన్నీ ఒక్కొక్కటే తీసుకుపోతోంది. ముందు మనుషుల పేర్లు పోయాయి. తర్వాత తెలుగు పోయింది. చిన్నప్పుడు తల్లి దగ్గర నేర్చుకున్న ఇంగ్లీషు ఒక్కటే మిగిలింది.

జపమాల ఎంత శ్రద్ధగా చూసుకున్నా ఆమె చేత్తో పెడితే నోరా సిస్టర్ తినడం లేదు. చెంచా చూపిస్తే గోడవైపు తిరిగిపోతోంది. మనిషి రోజురోజుకీ చిక్కిపోతోంది.

చివరికి జపమాల వెళ్లి అనస్తాసమ్మతో చెప్పుకుంది. మఠంలో కొత్తగా చేరిన అమ్మాయిలకు గురువు ఆవిడే.

"నా వల్ల కావడం లేదు సిస్టర్. నన్ను చూస్తేనే బెదిరిపోతున్నారు. 'నేనేం తప్పు చేశాను? నా మీద కోపమా?' అని అడుగుతున్నారు. నేనెప్పుడూ గొంతు పెంచి కూడా మాట్లాడలేదు."

"నువ్వు ఆమెతో ఏమంటావో నాతో అను."

"డు నాట్ గెట్ అప్. యు విల్ ఫాల్. యు హావ్ నాట్ ఈటెన్. ఐ యామ్ నాట్ యాంగ్రీ."

"డోంట్ అనవా? యూల్ అనవా? ఐమ్ అనవా?"

"అవి బద్ధకం మాటలు సిస్టర్. సగం మింగేసి పలకడం ఎందుకు? నేను ఒక్క అక్షరం కూడా వదలను" అంది జపమాల, కాస్త గర్వంగానే.

అనస్తాసమ్మ సరేనన్నట్టు తల ఊపింది.

ఆ వారంలోనే జపమాలకు జ్వరం తగిలింది. ఇల్లు వదిలి వచ్చాక అదే మొదటి జ్వరం. మధ్యాహ్నం మంచం మీద ముడుచుకుని పడుకుని ఉంటే, అనస్తాసమ్మ జావ గిన్నెతో వచ్చి పక్కన కూర్చుంది. ఎప్పటిలాగే నుదుటి మీద చెయ్యి వేసింది. ఎప్పటిలాగే నెమ్మదిగా మాట్లాడింది.

"నీకు జ్వరము వచ్చినది. ఉదయము నుండి నీవు ఏమియు భుజింపలేదు. ఈ జావను త్రాగవలెను."

జపమాల నవ్వబోయింది. అనస్తాసమ్మ ముఖంలో నవ్వు లేదు.

"అక్కడ పెట్టండి సిస్టర్. లేచి తాగుతాలెండి."

"లేవకుము. పడిపోయెదవు. నీవు త్రాగువరకు నేను ఇచటనే ఉండెదను."

అందులో ఒక్కటీ కఠినమైన మాట కాదు. అయినా జపమాల దుప్పటి దగ్గరికి లాక్కుంది. ఈవిడేనా, రోజూ "ఏందే పిల్లా, తిన్నావా?" అని అడిగే మనిషి? అమ్మ గుర్తొచ్చింది. కళ్లలో నీళ్లు తిరిగాయి.

"నేనేమన్నా తప్పు చేశానా సిస్టర్? నా మీద కోపమా?"

అన్నాక, తన మాట తన చెవినే పడింది. నోరా సిస్టర్ అడిగిందీ అదే.

అనస్తాసమ్మ గిన్నె ఆమె పెదవుల దగ్గరికి తెచ్చింది.

"తాగవే తల్లీ, చల్లారిపోద్ది."

జపమాల ఏడుస్తూనే తాగింది.

జ్వరం తగ్గాక జపమాల నోరా సిస్టర్ గదికి వెళ్లింది. మంచం పక్కన నిలబడే అలవాటు ఆమెది. ఈసారి మంచం మీదే కూర్చుంది.

"ఇట్స్ మీ" అంది. ఎన్నడూ పలకని మాట కావడంతో నోట్లో ఇబ్బందిగా కదిలింది. "డోంట్ గెట్ అప్. యూల్ ఫాల్. లెట్స్ ఈట్. ఐమ్ హంగ్రీ టూ."

గోడవైపు తిరిగి ఉన్న తల మెల్లగా ఇటు తిరిగింది. ముసలామె చాలాసేపు చూసింది, ఎవరినో గుర్తుపట్టినట్టు. ఎవరినో జపమాలకు తెలియదు. తర్వాత నోరు తెరిచింది.

నాలుగు చెంచాలు తిన్నాక నోరా సిస్టర్ ఆమె మణికట్టు గట్టిగా పట్టుకుంది.

"యు వోంట్ గో?" అంది, సంతలో తల్లి కొంగు పట్టుకున్న పిల్లలా.

"ఐ వోంట్" అని జపమాల నాలుక చివరిదాకా వచ్చింది. ఆగింది. చెంచా పక్కన పెట్టింది. ఆ ముసలి చేతిని రెండు చేతుల్లోకి తీసుకుని, ఒక్కొక్క మాటే విడివిడిగా చెప్పింది.

"ఐ విల్ నాట్ గో."

నోరా సిస్టర్ చెయ్యి వదలకుండానే కళ్లు మూసుకుంది.

అనస్తాసమ్మ గుమ్మంలో నిలబడి అంతా వింది. ఆమె ఆ మాటను దిద్దలేదు. తలుపు చప్పుడు కాకుండా దగ్గరికి వేసి, తన పనిమీద తను వెళ్లిపోయింది.