రేల తట్టిన తలుపులు

అనగనగా ఒక కొండ అడవి. ఎండాకాలం వచ్చిందంటే అక్కడ పచ్చని ఆకు కూడా దొరకదు. అందుకే జంతువులన్నీ వానాకాలంలో గింజలు పోగుచేసి ఒక పెద్ద కొట్టులో దాచుకునేవి. మనకు డబ్బు ఎలాగో వాటికి గింజలు అలాగ. మనకు బ్యాంకు ఎలాగో వాటికి ఆ కొట్టు అలాగ. ఎంత దాచాలి, ఎవరికి అప్పివ్వాలి, కరువుకు ఎంత మిగల్చాలి అని చూసేది కొట్టుకాపరి.

ఒక ఏడు కాపరిగా ఉన్న కోతికి ఆ పని నేర్పే కొట్టు చదువు లేదు. అడిగినవాళ్ళందరికీ ఇచ్చేసింది. ఎండలు ముదిరేసరికి కొట్టు ఖాళీ. ఆ వేసవిలో చాలా ప్రాణాలు పోయాయి. రేల అనే బెట్టుడుత పిల్లకు ఒక చిట్టి చెల్లెలు ఉండేది. అదీ పోయింది. బెట్టుడుత అంటే తెలుసుగా? చెట్టు దిగడానికే భయపడే పెద్ద ఉడుత.

"అమ్మా, నేను కొట్టు చదువు చదువుతాను," అంది రేల.

ఆ చదువు చెప్పే బడులు మూడున్నాయి. పక్కనే నెమలి పంతులు బడి. కొండమీద గద్ద గురువు బడి. ఏటి అవతల తాబేలు తాత బడి. తొలివాన పడేలోగా వెళ్ళి పేరు చెప్పుకోవాలి. వాన పడితే తలుపులు మూసేస్తారు.

చదువుతానని అనడమైతే అంది గానీ, రేలకు భయం పట్టుకుంది. తిండి సయించలేదు. "ఎవరూ తీసుకోకపోతే? అడవంతా నవ్వితే?" ఇదే ఆలోచన.

రేల స్నేహితుడు కంపన్న అనే ముళ్ళపంది. వాడు చెట్టు కిందికి వచ్చి, "నెమలి బడిలో అందరినీ తీసుకుంటారు. నేను పేరు చెప్పేశాను. నువ్వూ చెప్పెయ్. గద్ద దగ్గరికి వెళ్తే నీకు చదువు చెప్తుందో, నిన్నే తింటుందో!" అన్నాడు.

రేల వెంటనే నెమలి బడికి బయలుదేరింది.

"ఏం నేర్పుతారో అడిగి మరీ పేరు చెప్పు తల్లీ," అంది అమ్మ.

రేల అడిగింది. "పంతులుగారూ, పిల్లలు నేర్చుకునే కొట్టు ఎక్కడుందండీ?"

"కొట్టెందుకమ్మా? గింజల గురించి గంటసేపు మాట్లాడటం నేర్పుతాం. మా పూలచెట్లు చూశావా?"

"ఇక్కడ చదివినవాళ్ళు ఇప్పుడెక్కడున్నారండీ?"

"మంచి మంచి చోట్లే ఉన్నారు!" అని నెమలి పురి విప్పింది. ఒక్క పేరు కూడా చెప్పలేదు.

రేలకు చెల్లెలు గుర్తొచ్చింది. పేరు చెప్పకుండానే తిరిగొచ్చేసింది. తప్పకుండా తీసుకునే బడి అదొక్కటే. దాన్నీ వదిలేసింది!

"చదువుకోవడానికి వచ్చినవాళ్ళ జోలికి గద్ద గురువు రాడంటారు," అంది అమ్మ.

"అంటారు... అంతేనా అమ్మా?"

అమ్మ రేల తల నిమిరింది.

తెల్లారి రేల కొండెక్కింది. పైన ఒక్క చెట్టు లేదు. అంతా బోడిబండ. దాక్కోవడానికి చోటు లేదు. బండమీద ఒక నీడ గిరగిరా తిరుగుతోంది. రేల పొట్ట నేలకు ఆనించి పాకింది. ధబ్బున గద్ద గురువు ఎదురుగా వాలాడు.

"కొట్టులో కొంచెమే గింజలున్నాయి. ఆకలని జింక వచ్చింది. విత్తుకోవడానికని ఎలుక వచ్చింది. ఎవరికిస్తావు?" అని అడిగాడు.

రేలకు ఆ గోళ్ళు తప్ప ఏమీ కనబడలేదు. నోరు పెగల్లేదు.

"నిన్ను తీసుకోలేను. వెళ్ళు," అన్నాడు గద్ద గురువు.

అంతే. తినలేదు, తిట్టలేదు. రేల బండ దిగి వెక్కివెక్కి ఏడ్చింది. ఏడుస్తూనే ఆ ప్రశ్న గురించి ఆలోచించింది. ఇంతలో ఆకాశం నల్లబడింది. ఉరుము ఉరిమింది. మిగిలింది ఒక్క తలుపే!

రేల ఏటివైపు పరుగు తీసింది. ఏటికి అడ్డంగా ఒక పాచిపట్టిన దుంగ ఉంది. కింద నీళ్ళలో మొసలి కళ్ళు రెండు, కదలకుండా తననే చూస్తున్నాయి. ఒక చోట కాలు జారింది. నీళ్ళలో దవడలు టప్పున మూసుకున్నాయి. తోక చివర తడిసింది గానీ రేల ఎలాగో ఒడ్డున పడింది.

తాబేలు తాత తలుపు మూయబోతున్నాడు.

"తాతా, ఆగండి! గద్ద గురువు నన్ను వద్దన్నాడు. మీరైనా తీసుకుంటారా?"

తాత తలుపు వదిలి, "ఏమడిగాడు?" అన్నాడు. రేల చెప్పింది. "ఇప్పుడైతే ఏం చెప్తావు?"

"ముందు ఇద్దరినీ అడుగుతాను తాతా. రేపటికి తిండి ఎక్కడ దొరుకుతుందని జింకను అడుగుతాను. పంట రాకపోతే ఏం చేస్తావని ఎలుకను అడుగుతాను. అడగకుండా ఒక్క గింజ కూడా ఇవ్వను."

తాత తలుపు బార్లా తీశాడు. "లోపలికి రామ్మా, తడుస్తావు," అన్నాడు.

తాత బడిలో నిజమైన కొట్టు ఉంది. అందులోనే రేల పని నేర్చుకుంది.

ఏడాది గడిచింది. అక్కడ అడవిలో కొట్టు తాళం నెమలి బడిలో చదివిన కంపన్నకు ఇచ్చారు. వాడు తలుపు తీశాడు. గింజల గుట్టను చూశాడు. ఎక్కడ మొదలుపెట్టాలో తెలియలేదు. బయట అప్పుకోసం జంతువులన్నీ వరుసకట్టాయి. వాడు తాళం అక్కడే పడేసి పారిపోయాడు.

ఒకరోజు రేల ఏటి ఒడ్డుకు వస్తే, అవతల కంపన్న కనిపించాడు. దుంగ వంక చూస్తూ ముడుచుకుని కూర్చున్నాడు.

"రేలా, తాత నన్ను తీసుకుంటాడంటావా?"

"తెలియదు కంపన్నా."

"నాకు భయంగా ఉంది."

రేల దుంగ దాటి అవతలికి వెళ్ళింది. "నాకూ ఇది దాటేటప్పుడు ప్రతిసారీ భయమే. నీళ్ళలోకి చూడకు. నా వెనకే రా," అంది.

కంపన్న లేచి, దుంగ మీద మొదటి అడుగు వేశాడు.

నీతి: ఎవరు చేర్చుకుంటారో కాదు, ఏం నేర్పుతారో చూసి బడిని ఎంచుకోవాలి. వద్దంటారేమోనన్న భయంతో తలుపు తట్టడం మానకూడదు.