కుళ్లాయప్ప అడిగిన పారలు

ధర తక్కువైతే పనితనమూ తక్కువేనని నమ్మే పరాంకుశం కదిరిలో ఒక చిన్న బేస్‌బాల్ జట్టుకు మేనేజరుగా ఉండేవాడు. ఆ ఏడు కూడా చివరి స్థానమే వస్తే జట్టును లీగ్ నుంచి తీసేస్తారు. సొంత మైదానంలో రెండు మ్యాచ్‌లు మిగిలాయి. ఒక్కటైనా గెలవాలి. సరిగ్గా అప్పుడే పిచర్‌కు, అంటే బ్యాటర్‌కు బంతి విసిరేవాడికి, భుజం పట్టేసింది.

పేరున్న పిచర్లు అడిగినంత ఇచ్చే స్తోమత జట్టుకు లేదు. కెప్టెన్ నాగూర్ పక్క ఊరి నుంచి కుళ్లాయప్పను వెంటబెట్టుకొచ్చాడు. అతనికి ముప్పై తొమ్మిదేళ్లు. బస్సు చార్జీ, ఒక పూట భోజనం చాలన్నాడు.

పరాంకుశానికి అనుమానం వచ్చింది.

"పోయిన ఏడు ఎన్ని పరుగులిచ్చావప్పా?" అన్నాడు.

"లీగ్‌లో అందరికంటే ఎక్కువ సార్," అన్నాడు కుళ్లాయప్ప, ఏమీ దాచకుండా. "నా బంతిని ఎవరైనా కొడతారు. కాని పైకి లేపలేరు. నేల మీదే దొర్లుతుంది. దాన్ని పట్టి, బ్యాటర్ పరుగెత్తి చేరేలోపే బేస్‌కు విసిరితే అతను ఔట్. కాని మా మైదానం నిండా గులకరాళ్లు. బంతి రాయికి తగిలి పక్కకు ఎగిరిపోయేది. మీ దగ్గరా రాళ్లున్నాయి. నాలుగు పారలిప్పించండి, ఏరేద్దాం."

"బంతి వేయమంటే బావి తవ్వేట్టున్నాడే," అని నవ్వాడు పరాంకుశం. పారలు ఇవ్వలేదు.

మొదటి మ్యాచ్ ఓడిపోయారు.

"చెప్పానా, చవక మనిషి ఆట చవగ్గానే ఉంటుందని," అన్నాడు పరాంకుశం.

నాగూర్ మైదానంలోకి వెళ్లి ఒక రాయి ఏరుకొచ్చి అతని చేతిలో పెట్టాడు.

"ఆఖరి బంతి నా చేతుల్లోకే రావాల్సింది సార్. దీనికి తగిలి పక్కకు పోయింది."

పరాంకుశం ఆ రాయిని జేబులో వేసుకున్నాడు. మర్నాడు పొద్దున్నే అందరికంటే ముందు పార పట్టుకుని వచ్చింది అతనే. పది రోజులు జట్టంతా రాళ్లు ఏరింది, నీళ్లు చల్లింది, నేల చదును చేసింది. పరాంకుశం అరచేతులు బొబ్బలెక్కాయి. అయినా ఆపలేదు.

చివరి మ్యాచ్‌లో అవతలివాళ్లు కుళ్లాయప్ప బంతుల్ని బాగానే కొట్టారు. కొట్టినవి కొట్టినట్టే దొర్లుకుంటూ వచ్చి ఫీల్డర్ల చేతుల్లో పడ్డాయి, బ్యాటర్లు ఔటయ్యారు. కదిరి జట్టు ఒక్క పరుగు తేడాతో గెలిచి లీగ్‌లో నిలబడింది.

"వచ్చే ఏడూ నువ్వే రావాలప్పా. ఈసారి ఎంత కావాలో అడుగు," అన్నాడు పరాంకుశం.

"అది తర్వాత మాట్లాడదాం సార్. వానలకు మళ్లీ రాళ్లు తేలతాయి. పారలు మాత్రం ఎవరికీ ఇవ్వకండి," అన్నాడు కుళ్లాయప్ప.

నీతి: తక్కువకు వచ్చాడని మనిషిని తక్కువగా చూడకూడదు. అతనికి ఏ పని వచ్చో తెలుసుకుని, ఆ పనికి అడ్డుగా ఉన్నవి తొలగించడం పిలిచినవాళ్ల బాధ్యత.