ప్రెసిడెంటుగారి చల్లటి హాలు

ఎండాకాలం పొద్దుగూకితే చాలు, ఆ ఊరి ట్రాన్స్‌ఫార్మర్ ఫ్యూజు ఎగిరిపోయేది. దీపాలు పెట్టాక భోజనాలయ్యేదాకా ఎవరింట్లోనూ ఫ్యాను తిరగకూడదని ప్రెసిడెంటు జోగినాయుడు టముకు వేయించాడు. ఆయన మాత్రం ఫ్యాన్లు పీకించేసి గదికో ఏసీ పెట్టించుకున్నాడు.

అప్పడాలమ్మే గవరమ్మకి ఒళ్లు మండింది. ఆ సాయంత్రమే వీధి మొత్తాన్ని పిల్లాజెల్లాతో, చాపలతో వెంటేసుకుని నాయుడి హాల్లోకి నడిచింది.

"ఏంటే గవరమ్మా, ఈ సంత?"

"మీరు చెప్పినట్టే ఫ్యాన్లు ఆపేశాం బాబూ. నా ఇల్లు మీ ఇల్లేనని ఓట్లప్పుడు అన్నారుగా, మనింటికే వచ్చాం," అంటూ ఆమె చాప పరిచింది.

మళ్లీ ఓట్లు దగ్గరపడ్డాయి. నాయుడు కాదనలేకపోయాడు. కాసేపటికే అంతమంది ఊపిరికి హాలు ఉడికిపోయింది, పిల్లలు సోఫాలెక్కి తొక్కారు. చివరికి ఆయనే ఏసీలన్నీ కట్టేసి, "మీ ఫ్యాన్లు మీరు వేసుకోండి తల్లీ, వెళ్లండి," అన్నాడు.

"చాపలు ఇక్కడే ఉంచుతాం బాబూ. ఏసీ చప్పుడు వినబడితే మళ్లీ వస్తాం."

ఆ రాత్రి ఇంటింటా ఫ్యాన్లు తిరిగాయి, ఫ్యూజు పోలేదు. గవరమ్మ అన్నం తింటుంటే, చెమటతో తడిసి ముద్దయిన నాయుడు గుమ్మంలో నిలబడ్డాడు.

గవరమ్మ ఫ్యాను కింద పీట వేసింది.

"రండి బాబూ. ఇదీ మీ ఇల్లే."