మసేను వాచీ

“నకిలీదంటారు. మరి గుప్పిట్లోంచి వదలరేటి బాబూ?”

“పాత సామాను కింద తీసుకుంటానంటున్నా కదమ్మా! ఇది మీ ఆయనది కాదు. వట్టి నకిలీ!”

అనగనగా, సముద్రం గుమ్మాలదాకా వచ్చి పలకరించిపోయే ఓ రేవు ఊళ్లో జరిగిన తగాదా ఇది. ఆయన గుర్నాథం సెట్టి. నీళ్లలో మునిగేవాళ్లు కట్టుకునే పాతకాలం వాచీలంటే ప్రాణం పెడతాడు. ఏది అసలో ఏది నకిలీయో ఆయన చెప్పాడంటే ఇక తిరుగులేదు. ఆమె నూకరత్నం. ఆమె మొగుడు మసేను ఓడల అడుగున పనికి మునిగి మళ్లీ తేలలేదు. మొన్న ఎవరి వలలోనో ఈ వాచీ పడింది. మసేనుది ఓ ఓడ కెప్టెన్ మెచ్చి ఇచ్చిన అసలైన వాచీ. ఇది అదేనా, కాదా? ఆమె అడిగింది అంతే.

సెట్టి వెనక మూత విప్పి చూశాడు. లోపల చుక్క నీరు లేదు. ముళ్ల మీద రేడియం పాతబడి తేనెరంగు తిరిగింది. అసలైందే! ఇలాంటిది జన్మకోసారి దొరుకుతుంది. అసలైందంటే ఆమె ఇస్తుందా? అందుకే నకిలీ అన్నాడు.

నూకరత్నం మొహం విప్పారింది. “అయితే మా మావ బతికే ఉన్నాడు! ఉంచుకోండి బాబూ, నాకెందుకిది!” నవ్వుకుంటూ వెళ్లి ఇద్దరికి అన్నం వండింది.

మర్నాడు మిట్టమధ్యాహ్నం. వీధంతా ఎండ. సెట్టి గుమ్మంలో మాత్రం నీళ్లు. ఆ నీళ్లలో ఒకడు నిలబడ్డాడు. వాడికి నీడ లేదు.

“నా వాచీ ఇవ్వండి బాబూ.”

సెట్టి తళతళలాడే నకిలీది ఒకటి ఇచ్చాడు. వాడు చెవికి ఆనించుకున్నాడు. “ఇందులో సముద్రం లేదు” అని పెట్టేసి పోయాడు.

రెండోనాడు మళ్లీ వచ్చాడు. ఈసారి నీళ్లు గల్లాపెట్టెదాకా వచ్చాయి. సెట్టి బీరువాలోంచి ఖరీదైంది, అసలైందే ఇంకొకటి తీసిచ్చాడు.

“ఇందులో ఇంకెవడిదో ఊపిరుంది బాబూ. పాపం, వాడూ వెతుక్కుంటున్నాడేమో.”

మూడోసారి వచ్చేసరికి నీళ్లు సెట్టి గొంతు దగ్గర ఉన్నాయి. సెట్టి ఈసారి మసేను వాచీనే పైకెత్తి పట్టుకున్నాడు. వాడు తీసుకోలేదు.

“ఇది అసలైందేనా?”

“అసలైందే.”

“అయితే నేను పోయినట్టేనా?”

“పోయావు, నాయనా.”

“నాకు చెప్తే ఏం లాభం? నా పెళ్లాం రోజూ కంచం పెట్టి నన్ను పిలుస్తంది. పోనివ్వదు. దానికి చెప్పండి.”

సెట్టి పరుగెత్తాడు. నూకరత్నం ఇంట్లో రెండు కంచాలున్నాయి. ఒకదాని నిండా ఉప్పునీళ్లు.

“చల్లారిపోతంది, తినవేటి?” ఖాళీ పీటని కసురుతోంది ఆమె.

“అమ్మా, అబద్ధమాడాను. ఈ వాచీ మసేనుదే.”

ఆమె దాన్ని గుండెకి హత్తుకుంది. అప్పుడు ఏడ్చింది. ఎంత ఏడ్చిందో! ఆమె ఏడుస్తూంటే కంచంలో నీళ్లు మెల్లమెల్లగా ఇంకిపోయాయి. ఆ తర్వాత వాడెప్పుడూ రాలేదు.

ఆశకొద్దీ ఆడిన అబద్ధం ఉన్నవాళ్లని ఏడవనివ్వదు, పోయినవాళ్లని పోనివ్వదు. మరి మిమ్మల్ని నమ్మి ఎవరైనా నిజం అడిగితే, మీరు కోరుకునే వస్తువు వాళ్ల చేతిలోనే ఉంటే, మీరేం చెబుతారు?