సగంలో ఆగిన మాట

చిత్తూరు జిల్లాలో, తమిళనాడు సరిహద్దు పక్కనున్న ఒక పల్లె బడిలో కోదండపాణి అనే మాస్టారు ఉండేవాడు. పిల్లల తెలుగులో ఒక్క తమిళ మాట దొర్లినా ఆయనకు ఒళ్లు మండిపోయేది.

ఆ ఊళ్లో చాలామందికి ఇంట్లో తమిళం, అంగట్లో తెలుగు. పిల్లల నోట రెండూ కలిసే వచ్చేవి. మాస్టారు వాళ్లను బెంచీ ఎక్కించి, "ఇది భాషా, కలగూరగంపా?" అని అందరి ముందూ వెక్కిరించేవాడు. గడుసు పిల్లలు నవ్వేసి మళ్లీ అలాగే మాట్లాడేవారు. నాలుగో తరగతి వళర్మతి మాత్రం బిడియస్తురాలు. రెండుసార్లు బెంచీ ఎక్కాక తరగతిలో నోరు విప్పడమే మానేసింది. అదే పిల్ల మధ్యాహ్నం వంటపాకలో చేరి, రెండు భాషలూ కలిపి గలగలా కబుర్లు చెప్పేది. బడిలో అన్నం వండే మునెమ్మ అది చూసి లోలోపల ఉడికిపోయేది.

ఒకరోజు మాస్టారు ఆటసామాన్ల పెట్టెలోంచి బంతి తెమ్మని హేమ అనే పిల్లకు చెప్పాడు. ఆ పెట్టె చిల్లులోకి కందిరీగలు దూరడం వళర్మతి పొద్దున్నే చూసింది. గబుక్కున లేచింది.

"సార్, పెట్టెలో కుళ..." అంది.

"తెలుగులో చెప్పు," అన్నాడు మాస్టారు.

కందిరీగను వాళ్లింట్లో కుళవి అంటారు. తెలుగు మాట ఎంత వెతికినా దొరకలేదు. వెనక ఎవరో కిసుక్కున నవ్వారు. వళర్మతి తల దించుకుని కూర్చుండిపోయింది.

హేమ మూత తీసింది. కందిరీగలు ఒక్కసారిగా మీద పడ్డాయి. ముఖమంతా వాచి, ఊపిరాడక, ఆ పిల్ల మూడు రోజులు ఆసుపత్రిలో ఉంది. బతకడమే గొప్ప అన్నారు డాక్టర్లు.

కందిరీగలను ముందే చూసిందని తెలిసి, ఎందుకు చెప్పలేదని మాస్టారు వళర్మతిని గద్దించాడు. ఆ పిల్ల వెక్కివెక్కి ఏడ్చింది. జరిగిందంతా పిల్లల నోట విన్న మునెమ్మ చేతిలోని గరిటె పడేసి వంటపాకలోంచి వచ్చింది.

"ఆ బిడ్డ చెప్పబోయింది అయ్యోరా, మీరే విన్లేదు. నా దగ్గర అంతసేపు మాట్లాడే బిడ్డ మీ ముందర మూగదైంది. దాని నోరు కట్టేసింది మీరు. ఇప్పుడు మాట్లాడలేదని అడిగేదీ మీరేనా?"

మర్నాడు మాస్టారు ప్రార్థన దగ్గర అందరి ముందూ వళర్మతిని క్షమించమని అడిగాడు. బెంచీ ఎక్కించడం మానేశాడు. అయినా ఆ పిల్ల తరగతిలో మళ్లీ నోరు తెరవడానికి దసరా సెలవులు దాటాయి.

నీతి: పిల్లలు ఎన్ని భాషలు కలిపి చెప్పినా ముందు విషయం వినాలి, వెక్కిరించి మూయించిన నోరు ఆపద వేళ కూడా తెరుచుకోదు.