అసిరయ్య, గురువులు గడ్డ కట్టిన వైనం

దేవుడు తెలివి పంచడానికి బయలుదేరి, అసిరయ్య, గురువులు అనే అన్నదమ్ముల ఇంటి అరుగు మీదే గంప మొత్తం దించేసి వెళ్ళిపోయాడట. నేనంటున్న మాట కాదు, ఆ అన్నదమ్ములు చెప్పుకునే మాట. ఆ జోరులోనే చెల్లెలు పైడమ్మకు సంబంధం వచ్చినప్పుడు, "తాంబూలాలనాడు మా పెరటి క్యాబేజీతోనే విందు!" అని కోతలు కోశారు. పెళ్ళికొడుకు తండ్రి బంగారయ్య మీసం దువ్వి, "ఆ కూర విస్తట్లోకి వస్తేనే తాంబూలాలు. మాట తప్పే ఇంటి పిల్ల మాకొద్దు" అన్నాడు. పైడమ్మ గుండెలో రాయి పడింది. అబ్బాయి ఆమెకు తెగ నచ్చేశాడు మరి.

ఇక ఎవరి దగ్గరికి పోతారు? నా దగ్గరికే వచ్చారు. క్యాబేజీ అంటే నేను, నేనంటే క్యాబేజీ! నా చేలో ఒక్క ఆకు కోసి పట్టుకుంటే ఎద్దులతో సహా బండి వానకు తడవదు.

"ఒరే, నారు నాటి మొదట్లో నీళ్ళు పొయ్యండి. పురుగు పడకుండా చూసుకోండి. ఆకులు ముడుచుకున్నాక గడ్డ కట్టాలి. అంతే" అన్నాను.

"ఓస్, ఇంతేనా తాతా!"

అంతే. నాటిన రోజున బిందెలకొద్దీ కుమ్మరించారు. మళ్ళీ చుక్క పొయ్యలేదు. మొక్కలు వాడిపోతుంటే పైడమ్మ చెంబు పట్టుకెళ్ళింది. గురువులు అడ్డం పడ్డాడు.

"మొదట్లోనే పొయ్యమన్నాడు తాత. ఇప్పుడు మధ్యలో ఉన్నాం!"

"మొదలంటే మొక్క వేరు దగ్గర, అన్నయ్యా!"

"తాత కంటే నీకెక్కువ తెలుసా?"

పాపం, వాళ్ళు కునుకు తీసినప్పుడల్లా దొంగచాటుగా పోసి బతికించుకుంది. ఇంకేముంది, లేత ఆకులకు పురుగులొచ్చాయి. అసిరయ్య చాప వేసుకుని కాపలా కూర్చున్నాడు. ఆకు అంచుకు వచ్చిన ప్రతి పురుగునూ సుతారంగా పట్టి నడిమధ్యన కూర్చోబెట్టాడు. "జాగ్రత్త నాయనా, పడతావు" అని బుజ్జగించాడు కూడా. ఒక్క పురుగూ పడలేదు. ఆకులే జల్లెడలయ్యాయి.

"గడ్డ కట్టే వేళయింది, ఇలా అయితే ఎలా?" అని పైడమ్మ ఏడుపు.

"వేళయిందా? ముందే చెప్పవేం!" అంటూ గురువులు పరుగెత్తాడు. మట్టిగడ్డలు ఏరుకొచ్చి, కొబ్బరితాడుతో మొక్కమొక్కకూ ఒకటి కట్టేశాడు. నన్ను పిలిచి చూపించాడు. మొక్కలన్నీ మెడలు వాల్చి సాష్టాంగపడి ఉన్నాయి.

"లాగి చూడు తాతా, ఊడదు!"

నేను నవ్విన నవ్వుకు నాలుగూళ్ళ అవతల పాలు విరిగిపోయాయి.

తాడు చాలక ఒక్క మొక్క తప్పించుకుంది. నా చేను గట్టు పక్కది. నా గాలి సోకిందేమో, బిందెంత గడ్డ కట్టింది! తాంబూలాలనాడు పైడమ్మ దాన్ని కోసి తెచ్చి, "పై ఆకు తీసేసి తరగండి" అని చీర మార్చుకోవడానికి వెళ్ళింది.

అసిరయ్య పై ఆకు తీశాడు. కింద ఇంకోటి. "ఇదీ పైనే ఉందిరా!"

"అయితే తీసెయ్."

తీసింది తీసినట్టు గేదెకు వేశారు. చివరికి చేతిలో కాడ మిగిలింది. "మోసంరా! లోపల కూరే లేదు!"

పంక్తిలో బంగారయ్య ఖాళీ విస్తరి గీకాడు. "ఏదయ్యా కూర?"

"గేదె కడుపులో ఉందండీ."

"అయితే దాన్నే పట్టుకురండి!" అని గర్జించాడు.

ఇంకేముంది! అన్నదమ్ములిద్దరూ గేదెను పందిట్లోకి తోలుకొచ్చి, వియ్యంకుడి విస్తరి ముందు నిలబెట్టారు. పైడమ్మ కళ్ళు గట్టిగా మూసుకుంది. పెళ్ళికొడుకు గేదెను ఎగాదిగా చూశాడు.

"కూర వచ్చిందిగా నాన్నా, తాంబూలాలు అందుకో" అని తన విస్తరి ముందుకు జరిపాడు. "నాకు కొంచెం చాలు బావా. తోకవైపు మాత్రం వద్దు."