వెళ్లేవాళ్లని అడగడం

"వ్యాకరణం పేరెత్తకుండా ఇంగ్లీషులో ప్రశ్న వెయ్యడం నేర్పమన్నారు. నేర్పాను. అందరికీ నోటికొచ్చింది. కానీ ఒక్కళ్లూ అడగరు. ఇంక నేనేం చెయ్యాలి, టీచరుగారూ?"

కాంచన ఎస్తేరు టీచర్ని అలా అడిగింది. అడిగింది అనడం కంటే నిలదీసింది అంటే సరిగ్గా ఉంటుంది. ఎస్తేరు టీచరు జీవితమంతా హైస్కూల్లో ఇంగ్లీషు చెప్పి రిటైరైన మనిషి. ఇంటిపనికి గల్ఫ్ దేశాలకి వెళ్లే ఆడవాళ్ల కోసం కోనసీమలోని ఆ ఊళ్లో, పిండిమర మీది గదిలో, మధ్యాహ్నం పూట ఇంగ్లీషు క్లాసు పెట్టించింది ఆవిడే. దాన్ని నడిపే పని తన పాత శిష్యురాలు కాంచనకి అప్పగించింది. మొదటి వారం కాంచన బోర్డు మీద కర్త, కర్మ, సహాయక క్రియ అని రాసి బాణం గుర్తులు వేసింది. ఆడవాళ్లు బాణాలతో సహా బుద్ధిగా పుస్తకాల్లోకి ఎక్కించుకున్నారు. ఎస్తేరు టీచరు వచ్చి చూసి బోర్డు తుడిచేసింది. "వీళ్లు అక్కడికి వెళ్లి అంట్లు తోముతూ కర్మని వెతుక్కోవాలా? మాటలు గుప్పెళ్లుగా ఇవ్వు. పేర్లు తర్వాత ఎవరికి కావాలంటే వాళ్లు పెట్టుకుంటారు" అంది.

కాంచన అలాగే ఇచ్చింది. 'వేర్ ఆర్ యూ' ఒక గుప్పెడు, 'వెన్ విల్ యూ' ఒక గుప్పెడు, 'కెన్ ఐ' ఇంకొకటి. పీచు పాయలు కలిపి తాడు పేనిన చేతులవి. ఒక గుప్పెడికి ఇంకో మాట కలిపి పేనడం వాళ్లకి తొందరగానే పట్టుబడింది. అందరూ కలిసి అంటుంటే కింద మర చప్పుడు కూడా వినబడేది కాదు. చిక్కల్లా ఒక్కొక్కళ్లని అడగమన్నప్పుడే వచ్చింది. కాంచన సంచీ భుజాన వేసుకుని, "ఐ యామ్ గోయింగ్. ఇప్పుడు నన్ను అడగండి" అని గుమ్మం దాకా నడిచింది. అందరూ నేల చూపులు చూశారు. చివరికి వీరవేణి అనే ఆవిడ లేచి, ఎంతో మర్యాదగా, "గో అండ్ కమ్, మేడం" అంది. తక్కినవాళ్లు హమ్మయ్య అనుకున్నట్టు తలలాడించారు.

"ప్రశ్న ఎక్కడ ఆగిపోతోందంటావు?" అని అంతా విని టీచరు అడిగింది.

"ఇంకెక్కడ, నాలుక దగ్గరే. నియమం చెబితే తప్ప రాదు."

"రేపు నేనొస్తాను" అంది టీచరు.

మర్నాడు వీరవేణికి పరీక్ష లాంటి రోజు. ఆమెని పనికి పెట్టుకోబోయే అరబ్బు ఇంటి యజమానురాలు నాలుగు గంటలకి ఫోన్లో మాట్లాడుతుంది. ఏజెంటు కూడా లైన్లో ఉంటాడు. వీరవేణి తోటికోడలు అంతకు ముందు ఇలాగే వెళ్లింది. తలుపు లేని వంటగదిలో పడుకోమన్నారట. మధ్యలోనే తిరిగొచ్చేసింది. అక్కడేం జరిగిందో ఈ రోజుకీ నోరు విప్పి చెప్పదు. ఇంట్లో పడుకున్నా గడియ వేసిందో లేదో లేచి లేచి చూసుకుంటుంది. అందుకని వీరవేణికి తెలియవలసింది ఒక్కటే. తను పడుకునే చోటికి తలుపుందా, దానికి లోపలి నుంచి గడియ ఉందా. ఏజెంటుని అడిగితే, "అయ్యన్నీ అక్కడికెళ్లాక చూసుకోవచ్చులే అమ్మా" అన్నాడు. అక్కడికెళ్లాక చూసుకునేదేమిటో ఆయనకి ఎన్నడూ చూసుకోవలసిన అవసరం రాలేదు కాబట్టి, అంత తేలిగ్గా అనగలిగాడు.

ఎస్తేరు టీచరు క్లాసులో వెనక బల్ల మీద కాసేపు ఊరికే కూర్చుంది. ఉన్నట్టుండి లేచి, వీరవేణి ముందున్న సెల్‌ఫోన్ తీసి తన సంచీలో వేసుకుని, "ఐ యామ్ గోయింగ్" అని బయటికి నడిచింది. నాలుగు కావస్తోంది. వీరవేణి మొహంలో నెత్తురుచుక్క లేదు. అయినా పెద్దావిడ వెళ్తోందని అందరితో పాటు గౌరవంగా లేచి నిలబడింది. కాంచన నోరు తెరవబోతే టీచరు గుమ్మం దగ్గర ఆగి ఒక చూపు చూసింది. కాంచన నోరు మూసుకుంది.

మెట్ల మీద చెప్పుల చప్పుడు దిగిపోతోంది. గదిలో గుసగుసలు మొదలయ్యాయి.

"అడగవేంటే? ఫోను నీదేగా."

"పెద్దావిడ ఏ పని మీద బయల్దేరిందో. వెళ్లేవాళ్లని ఎక్కడికని అడుగుతావేంటి?"

"మా అత్తని అడిగితే వెనక్కొచ్చి, కూర్చుని, మంచినీళ్లు తాగి, నన్ను తిట్టి మళ్లీ బయల్దేరుద్ది."

"మీ అత్త నయం. మా ఆయన మంచినీళ్లు తాగడు, నాకు రెండు తగిలిస్తాడు."

నవ్వారు. కాంచన నవ్వలేకపోయింది. ఆమెకి రెండు డిగ్రీలున్నాయి. పొద్దున ఆమె భర్త స్కూటర్ తీస్తుంటే ఆమె కూడా, "దూరమా?" అంది, అంతే. ఎక్కడికి అంటే పని చెడిపోతుందట. ఇన్నేళ్లలో ఎవరి ఏ పని చెడిందో లెక్క చెప్పమని తన ఇంట్లో గానీ వీళ్ల ఇళ్లలో గానీ ఏ ఆడదీ అడగలేదు. అడక్కూడదన్నదే కదా అసలు నేర్పింది. ఆ పాఠం బోర్డు లేకుండా, పేర్లు లేకుండా, ఎంత బాగా వంటబట్టిందో కాంచనకి అప్పుడు కనిపించింది.

అంతలో వీరవేణి బల్లలు తోసుకుంటూ గుమ్మంలోకి పరిగెత్తింది. "మేడం" అని పిలిచింది. టీచరు వెనక్కి తిరగలేదు. మర చప్పుడు. వీరవేణి రెయిలింగు పట్టుకుని కిందికి వంగి, గొంతు చించుకుని అరిచింది. "వేర్ ఆర్ యూ గోయింగ్? వేర్ ఆర్ యూ టేకింగ్ మై ఫోన్?"

టీచరు ఆగింది. "కిందకి, టీ తాగడానికి. ఏం, నా పని చెడగొట్టావు కదా ఇప్పుడు?"

"చెడితే చెడిందండి. ముందు ఫోనివ్వండి."

టీచరు మెట్లెక్కి వచ్చి ఫోను చేతిలో పెట్టింది. ఊపిరి తీసుకునేలోగా అది మోగింది.

యజమానురాలు నెమ్మదిగా, మర్యాదగానే మాట్లాడింది. వంట వచ్చా, పిల్లల్ని చూసుకోగలవా, ఒంట్లో జబ్బులేమైనా ఉన్నాయా. వీరవేణి అన్నిటికీ జవాబు చెప్పింది. నీకేమైనా అడగాలని ఉందా అని ఆవిడ అంటుండగానే, "నో క్వశ్చన్స్ మేడం, నో క్వశ్చన్స్" అని ఏజెంటు అందుకున్నాడు.

"వెయిట్" అంది వీరవేణి. "వేర్ విల్ ఐ స్లీప్?"

ఇంట్లోనే అంది అవతలి గొంతు.

"విచ్ రూమ్? కెన్ ఐ లాక్ ద డోర్?"

అవతల గొంతు ఆగిపోయింది. వెనక ఎవరో మగమనిషి ఏదో అన్నాడు. ఏజెంటు తెలుగులోకి దిగాడు. "ఏమ్మా, పనికెళ్తున్నావా, ఇల్లు కొనుక్కోడానికెళ్తున్నావా?"

"పడుకునేది నేను కదండి" అంది వీరవేణి. మళ్లీ ఇంగ్లీషులోకి వెళ్లి, ఇందాక మెట్ల మీద అరిచిన గొంతుతో కాదు, నింపాదిగా, ఒక్కో మాటా పెట్టి అడిగింది. "మేడం, కెన్ ఐ లాక్ ద డోర్?"

ఫోను కట్టయింది. కాసేపటికి ఏజెంటు ఒక్కడే చేశాడు. ఇంత నోరున్న మనిషి మాకొద్దన్నారని చెప్పి, తను కూడా పెట్టేశాడు.

వీరవేణి ఫోను బల్ల మీద బోర్లించి, చెంగుతో మొహం తుడుచుకుని కూర్చుంది. "వేరే ఏజెంటు ఉన్నాడంటున్నారండి" అంది కాంచనతో. "నా పాస్‌పోర్టు ఈయన దగ్గరే ఉంది. ఎప్పుడిస్తావని అడగాలి. ఇంగ్లీషులో అడిగితే కొంచెం జడుస్తాడేమో. ఎలా అడగాలో చెప్పండి." కాంచన చెప్పింది. గదిలో ఉన్నవాళ్లందరూ, ఎవరూ అనమనకుండానే, ఒక్కొక్కళ్లుగా దాన్ని అని చూసుకున్నారు.

క్లాసయ్యాక కాంచన టీచరుతో పాటు బస్టాండు వైపు నడిచింది.

"టీచరుగారూ, అడగడం నేర్పి వీరవేణి పని పోగొట్టాం. పోనీ, ఇంతా చేసి ఆమె ప్రశ్నకి జవాబైనా రాలేదు."

ఎస్తేరు టీచరు నడక ఆపలేదు.

"వచ్చింది, కాంచనా. వీరవేణి విన్నది" అంది.